నీళ్ల గురిగి

అవ్వ పోయిందన్న కబురు మాకు పది రోజులు ఆలస్యంగా అందింది. మా ఆయన పని మీద నల్లగొండ వెళ్లి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూనే చెప్పాడు. "మన వకీలు వాకిట్ల అవ్వ లేదంట. దినాలు గూడ అయిపోయినయంట."

నేను చేతిలోని చేట కింద పెట్టి అట్లాగే కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మొదట గుర్తుకొచ్చింది ఆమె ముఖం కాదు, ఆమె మన వైపు తిరిగే తీరు. అవ్వకు మెడ తిరగదు. ఎవరైనా పిలిస్తే తల ఒక్కటే తిప్పి చూడటం ఆమెకు సాధ్యం కాదు. కాళ్లు కదిపి, నడుముతో సహా మనిషంతా మెల్లగా ఇటు తిరిగేది. అందువల్ల అవ్వ చూసిందంటే అరకొరగా చూసినట్టు ఉండేది కాదు. చేస్తున్న పని, పట్టుకున్న కదురు అన్నీ వదిలి మన కోసమే వచ్చినట్టు ఉండేది.

ఆమె పేరు నాకు తెలియదు. మూడేళ్లు పక్క అర్రలో ఉండి కూడా అడగలేదు. ఇంటి యజమాని వకీలు దగ్గర్నుంచి నీళ్లు పోసే బిస్తీ సాయిబు దాకా అందరూ ఆమెను అవ్వ అనే పిలిచేవారు.

మేము నల్లగొండ వచ్చింది నిజాం ఏలుబడిలో, జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజుల్లో. మాది హుజూర్‌నగర్ అవతల, కృష్ణకు దగ్గర్లో ఒక ఊరు. సెంటు భూమి లేని ఇల్లు. పాదిరిగారి బడి పుణ్యమా అని నాకు నాలుగు తరగతుల చదువు అబ్బింది. పెళ్లయిన ఏడాదికి మా ఆయనకు నల్లగొండ దవాఖానలో గాయాలకు కట్లు కట్టే పని దొరికింది. నెలకు పదిహేను హాలీ రూపాయలు, నిజాం నాణెం. మా వాడలో నెలజీతం అన్న మాట చొచ్చిన మొదటి గడప మాదే. అంత డబ్బు ఏం చేసుకోవాలా అని నేను దారి పొడుగునా బండిలో కూర్చొని ఆలోచించాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

వకీలు గారి పాత ఇల్లు అది. ఆయన కొత్త ఇంటికి మారిపోయి, వెనుక వాకిట్లో ఉన్న రెండు అర్రలు కిరాయికి ఇచ్చేవాడు. కిరాయి అడిగేవాడు తప్ప కులం అడిగేవాడు కాదు. ఒక అర్రలో, ఆయన అక్కడున్నప్పటి నుంచే, అవ్వ, ఆమె కొడుకు. రెండోది మాకు. వాకిటి మధ్యలో చిన్న గచ్చు, దాని మీద బాయి.

కులం అవ్వే అడిగింది. బండి దిగి మూట గుమ్మంలో పెట్టానో లేదో, కదురు చేతిలో పట్టుకొని మనిషంతా నా వైపు తిరిగింది.

"ఏ ఊరు మీది?"

చెప్పాను.

"కులమేంది?"

"కిరస్తానీలం" అన్నాను, తల వంచుకొని.

మేము ఊరి బయటి వాడ వాళ్లమని ఆమెకు అర్థమైంది. అవ్వ వాళ్లు గొర్లు కాసే కులం. కదురు గోడవార పెట్టి అంది. "బాయిల చేద నేనేస్త. నీ కడవ గచ్చు కింద పెట్టు. ఎత్తుల నుంచి నేను పోస్త."

కోపంగా అనలేదు. ప్రేమగానూ అనలేదు. తలుపు ఇటు తెరుచుకుంటుంది అని చెప్పినట్టు చెప్పింది. నేను మా ఊళ్లో విన్నదే కనుక తల ఊపాను. నేను లోపలికి వెళ్లబోతుంటే మళ్లీ పిలిచింది.

"ఆగు. గీ బాయి నీళ్లు బోళ్లకు, బట్టలకే. తాగేటియి సాయిబు తెస్తడు, గుట్ట కింది బాయి నుంచి. నెలకు రూపాయి. గది ముందు మాట్లాడుకో. పొయ్యి తర్వాత పెట్టుకో."

నేను పకపకా నవ్వాను. "నీళ్లకు పైసలా అవ్వా?" కృష్ణ నీళ్లు తాగి పెరిగినదాన్ని. మా ఊళ్లో అడిగితే మజ్జిగకే పైసలు తీసుకోరు.

"నవ్వు, నవ్వు" అంది అవ్వ. "రేపు కట్టెలు కొనేటప్పుడు ఏడుస్తవు."

అన్నట్టే అయింది. ఊళ్లో కంపచెట్టు ఎవరిదైనా ఎండుపుల్ల ఏరుకున్నవాళ్లది. పట్నంలో మోపు కొనాలి. ఊళ్లో చీకటి పడితే పడుకునేవాళ్లం. పట్నంలో దీపానికి గ్యాసునూనె కొనాలి. ఊళ్లో చెలక గట్టుకు పోయేవాళ్లం. ఇక్కడ పాయిఖాన ఎత్తే మనిషికి నెలనెలా ఇవ్వాలి. ఏదీ పెద్ద ఖర్చు కాదు. కానీ అన్నీ కలిసి, జొన్నబస్తాకు ఎలుక పడ్డట్టు, కనబడకుండా జీతాన్ని తినేశాయి. మొదటి నెల ఇరవయ్యో తారీఖుకే చేతిలో పైసా లేదు. మా ఆయన నన్ను ఏమీ అనలేదు. దవాఖానలో తనకిచ్చిన రొట్టె తినకుండా దస్తీలో కట్టుకొని తెచ్చాడు. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది.

ఆ సంగతి అవ్వకు ఎట్లా తెలిసిందంటే, నా పొయ్యి పొగ లేకపోవడం చూసి. మర్నాడు కుమ్మరి దగ్గర్నుంచి అయిదు చిన్న గురుగులు కొనుక్కొచ్చి మా గుమ్మానికి కాస్త దూరంగా వాకిట్లో వరసగా పెట్టింది.

"జీతమొచ్చిన దినమే గిండ్ల వెయ్యాలె. గిది నీళ్లది. గిది కిరాయిది. గిది కట్టెలది. గిది గ్యాసునూనెది. గీ పలిగినది పాయిఖానది. మిగిలినయి గింజలకు."

"తిండికి ముందు పెట్టొద్దా?"

"తిండి ఓ పూట తక్కువ తింటవు. సగం కిరాయి ఇస్తే వకీలు సగం అర్రల ఉండనిస్తడా?" అని, వేలు చూపించి బెదిరించింది. "ఒక గురిగిల చెయ్యి పెట్టి ఇంకో గురిగి నింపినవో, నా దిక్కు సూడకు."

మోపు కొనడం కూడా ఆమే నేర్పింది. పానగల్ దిక్కు నుంచి కట్టెల మోపులు తలమీద పెట్టుకొని ఆడవాళ్లు వచ్చేవారు. అవ్వ మోపు పైనున్న కట్టెను ముట్టేది కాదు. నడుమ నుంచి ఒకటి సర్రున లాగి, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసేది. "నీళ్లకు సాయిబుకిస్తున్నం. నీకు గూడ నీళ్లకే ఇయ్యాల్నా?" అని పచ్చికట్టె మొఖాన కొట్టినట్టు అడిగేది. కానీ ఆ మనిషి మోపు దించి ఆయాసపడుతుంటే, బేరం తెగేలోపు లోపలినుంచి జొన్న గటక ముద్ద తెచ్చి చేతిలో పెట్టేది. తిన్నాక మళ్లీ బేరం మొదటికి వచ్చేది.

ఆమె కొడుకుకు అప్పుడు పాతికేళ్లుంటాయి. మోకాళ్ల కింద రెండు కాళ్లు విల్లులాగా వంగిపోయి ఉండేవి. నిలబడలేడు. రెండు అరచేతులు నేల మీద ఆనించి జరిగేవాడు. అర్రలో కూర్చొని ఉన్ని ఏకేవాడు, గొంగళ్లు నేసేవాడు. తల్లి వడికేది, అతను నేసేవాడు. తక్కువ మాటలు. నన్ను "చెల్లె" అనేవాడు.

అప్పట్లో నాకు అర్థం కానిది ఒకటుండేది. పొద్దున్నే సాయిబు తోలుతిత్తి భుజాన వేసుకొని వాకిట్లోకి రాగానే అవ్వ నాలుగడుగులు వెనక్కి జరిగేది. తిత్తి నుంచి కారే చుక్క తన నీడ మీద కూడా పడనిచ్చేది కాదు. తల్లీకొడుకులు బాయి నీళ్లే తాగేవారు. అయినా సాయిబు నా కడవ నిండా పోశాడా లేదా అని అంత దూరం నుంచే చూసేది. ఒక్క వేలెడు తక్కువైనా, "ఓ సాయిబూ, ఆ పిల్ల నీకు నిండ కడవకు ఇస్తలేదా?" అని కేకేసేది.

సాయిబు నవ్వుతూ మరింత పోసేవాడు.

రెండో ఏడు నేను మిడిలు పరీక్షకు కూర్చుందామనుకున్నాను. అది గట్టెక్కితే పంతులమ్మ ఉద్యోగం వస్తుందని పాదిరిగారు కబురు పంపారు. పగలంతా పనులు, బయట నాట్లకూ కలుపులకూ కూలి. చదువు పొద్దుగూకాకే. నిజాం పరీక్ష కనుక ఉర్దూ తప్పదు, అది నాకు కొరుకుడు పడేది కాదు. దీపం దగ్గర పుస్తకం పెట్టుకొని ఒక్కో అక్షరం కూడబలుక్కునేదాన్ని. అదే సమయానికి యుద్ధం పేరు చెప్పి గ్యాసునూనె పిరమైంది. నా నూనె గురిగి నెల సగానికే ఖాళీ. నాకప్పుడు మూడో నెల.

నేను ఆలోచించి, సాయిబును రావద్దన్నాను. బాయి నీళ్లు కొంచెం చవుడుగా ఉంటాయి, అంతే కదా. అవ్వా, ఆమె కొడుకూ తాగుతూనే ఉన్నారు కదా. నీళ్ల గురిగిలో రూపాయి తీసి నూనె గురిగిలో వేశాను.

అవ్వ ఉన్ని కోసం ఊళ్లకు వెళ్లి వచ్చిన మర్నాడే కనిపెట్టింది. గచ్చు మీద నుంచి నా కడవలోకి నీళ్లు పోస్తూ, ధార ఆపేసింది.

"రెండు కడవలు ఎక్కువ పోస్తున్ననేంది? సాయిబేడి?"

నేను కడవ చంకకు ఎత్తుకోబోయాను.

"తాగుతున్నవా గీ నీళ్లు? కడుపుతోనుండి తాగుతున్నవా?"

"నువ్వు తాగుతలేవా అవ్వా? అన్న తాగుతలేడా?"

చేద గచ్చు మీద పడేసింది. చప్పుడుకు లోపల ఏకుతున్న శబ్దం ఆగింది. అవ్వ గచ్చు దిగి, నన్ను చూపుతోనే మా అర్ర వెనక్కి నడిపించింది. అక్కడ, కొడుకుకు వినపడనంత మెల్లగా చెప్పింది.

"వాడు పుట్టినప్పుడు కాళ్లు సక్కగుండె బిడ్డా. నా పెద్దపిల్లను మా తల్లి తన ఊరికి తీస్కపోయి ఆడనే పెంచింది, దాని కాళ్లు బాగున్నయి. వకీలు పిల్లలు గీ వాకిట్లనే ఆడిన్రు. సాయిబు నీళ్లు తాగిన్రు. వాళ్లు ఉరుకుతుండిరి. వీనికి మూడేండ్లు దాటంగనే వంకర మొదలైంది. మొక్కులు మొక్కినం. చేతబడి అనుకున్నం. ఎప్పుడో తట్టింది నాకు, నీళ్లేనని. నా మొగనికి చెప్పిన. తోలుతిత్తి నీళ్లు తాగితే కులం పోతదన్నడు. కులపోళ్లు దగ్గరికి రానియ్యరన్నడు. నేను నోరు మూసుకున్న."

కొంగుతో నోరు అదుముకుంది. తర్వాత కొంగు తీసి అంది.

"కులం మిగిలింది. కాళ్లు పోయినయి."

ఆ నీళ్ల గుణం ఏమిటో ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు. ఎముకలను పట్టే విషం ఒకటి ఆ నేలలో ఉందని చాలా ఏళ్ల తర్వాత డాక్టర్లు చెప్పగా విన్నాం. అక్షరం ముక్క రాని అవ్వ, వాకిట్లో ఆడుకునే పిల్లల కాళ్లు చూసి ముందే తెలుసుకుంది. ఆమె మెడ ఎందుకు తిరగదో నాకు ఆ పూట తెలిసింది.

"ఇప్పుడన్న మీరు సాయిబు నీళ్లు తాగొచ్చు కద అవ్వా. నీ మొగడు పోయి ఎన్నేండ్లాయె" అన్నాను.

"ఎట్ల తాగుత? తాగిన నాడు వాడు అడుగుతడు, అప్పుడెందుకు తాపలేదే అని. ఏమని చెప్పాలె?"

ఆమె కళ్లు తుడుచుకొని, గొంతు మళ్లీ పెద్దది చేసింది. "రేపు సాయిబు రావాలె. నూనె లేకుంటే నా గడప కాడ కూసొని సదువు. నేనెట్లయిన దీపం పెట్టుకొని వడుకుత."

ఆ రోజు నుంచి పరీక్ష దాకా, పొద్దుగూకాక నేను అవ్వ గడప ఇవతల చాప వేసుకొని కూర్చున్నాను. గడప మీద దీపం. లోపల అవ్వ. నేను అలిఫ్, బే అని సణుగుతుంటే, కదురు తిప్పుతూ, "కోడి గీకినట్లున్నయి గదనే అక్షరాలు! గవి సదివితే ఉద్యోగమిస్తరా?" అనేది. నేను నిద్రకు తూగితే, "చెల్లె పడుకుంది అవ్వా" అని కొడుకు చెప్పేవాడు. వెంటనే కదురుపుల్లతో గడప మీద ఠకఠక కొట్టేది.

ఒకరోజు అవ్వ సంతకు వెళ్లినప్పుడు, కొడుకు దీపపు బుడ్డిలో నూనె పోస్తూ నాతో అన్నాడు. "నువ్వు పరీక్ష జల్ది రాయి చెల్లె. మా అవ్వకు ఖర్చు పెరిగింది."

"దీపం ఎట్లయిన పెట్టుకుంటది కదా?"

అతను నవ్వాడు. "మా అవ్వకు దీపమెందుకు? ఇరవై ఏండ్ల సంది చీకట్లనే వడుకుతాంది. నువ్వు రాక ముందు గీ అర్రల పొద్దూకినంక దీపమే లేదు."

నేను ఆ సాయంత్రం చూశాను. దీపం గడప మీద ఉంటే దాని వెలుతురంతా నా పుస్తకం మీదే పడుతోంది. లోపల అవ్వ చీకట్లోనే ఉంది. ఇన్ని రోజులు అది నా కంటికి ఆనలేదు.

"నీకు దీపం అక్కర లేదంట గద అవ్వా" అన్నాను.

"వానికేమెర్క? నా కండ్లు మసకైనయి" అంది. అంటూనే, తెగిన దారపు కొసను ఆ చీకట్లో ఒక్కసారికే పట్టుకొని ముడేసింది.

పరీక్ష అయిపోయింది. ఉర్దూలో బొటాబొటిగా గట్టెక్కాను. ఎండాకాలంలో మాకు ఆడపిల్ల పుట్టింది. పదో రోజున అవ్వ మా గడప దాకా వచ్చి నిలబడింది. అంతకు ముందెప్పుడూ అంత దగ్గరికి రాలేదు. "ఏదీ, ఇయ్యి" అని చేతులు చాచింది. అరుగు మీద కూర్చొని, పిల్లను ఒడిలో వేసుకొని, నూనె రాస్తూ రెండు కాళ్లు పక్కపక్కన చేర్చి చూసింది. అప్పటి నుంచి రోజూ అదే పని. మోకాలు నుంచి మడమ దాకా బొటనవేలితో రాసుకుంటూ వెళ్లి, వంపు ఏమన్నా ఉందా అని వెతికేది. ఒక వారం గడిచాక నీళ్లకు కడవ పట్టుకొని గచ్చు కింద నిలబడితే, నా వైపు చూడకుండా అంది. "పసిపిల్ల తల్లివి. ఎంతసేపని నిలబడతవు? చేద నువ్వే వేసుకో." నేను గచ్చు ఎక్కాను. ఆమె దిగిపోలేదు.

పిల్లకు ఏడాది నిండింది. నాకు మా ఊరి వైపు బడిలో ఉద్యోగం ఖాయమైంది. ఇంకో నెలలో వెళ్లిపోతాం అనగా, ఒక మధ్యాహ్నం పిల్ల గచ్చు అంచు పట్టుకొని లేచి నిలబడింది. చెయ్యి వదిలేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగడుగులు వేసి, కూలబడకుండా మళ్లీ నడిచింది.

"ఒరేయ్!" అని అవ్వ గట్టిగా అరిచింది. "బయటికి రా! సూడు, సూడు!"

కొడుకు అరచేతుల మీద జరుగుతూ గుమ్మంలోకి వచ్చాడు. పిల్ల కాళ్లు చూసి నవ్వాడు. "మంచిగ నడుస్తాంది గదా" అన్నాడు. అవ్వ నవ్వలేదు. నేను వింటున్నానని కూడా చూసుకోకుండా, కొడుకుతో చెప్పేసింది.

"నీ కాళ్లు దేవుడు చేసినయి గావు బిడ్డా. నేను చేసిన. సాయిబు నీళ్లు తాపాలని నాకు తెల్సు. కులానికి భయపడి తాపలే. నేనే నీకు గీ బాయి నీళ్లు పోసి పెంచిన."

ఎంతో కాలంగా దాచుకున్నది ఒక్క గుక్కలో వచ్చేసింది. నేను గోడకు ఆనుకొని నిలబడిపోయాను. కొడుకు తల్లి ముఖంలోకి చూశాడు. తర్వాత తన మోకాళ్ల వైపు చూసుకున్నాడు. అతను వాకిట్లోకి చెయ్యి చూపించాడు.

"అవ్వా, పోరి బాయి దిక్కు పోతాంది. పట్టుకో."

అవ్వ ఉరికింది. ఆ నడుముతో, ఆ మెడతో ఆమె ఉరకగలదని నేనెన్నడూ అనుకోలేదు. పిల్లను ఎత్తుకొని, రెండు చిన్న పాదాలు గుండెకు అదుముకొని గచ్చు మీద కూర్చుండిపోయింది. కొడుకు లోపలికి జరిగి ఉన్ని ఏకడం మొదలుపెట్టాడు. ఆ పొద్దంతా వాళ్ల పొయ్యి రాజుకోలేదు. నేను వండిన కూర గిన్నె పట్టుకెళ్లి గడప మీద పెడితే, చీకటి పడే దాకా అట్లాగే ఉంది.

మర్నాడు పొద్దున సాయిబు వచ్చాడు. అవ్వ ఎప్పటిలాగే నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది. సాయిబు నా కడవ నింపాడు. తిత్తి మూతి బిగించి భుజాన వేసుకోబోతుంటే, లోపలి నుంచి ఆమె కొడుకు గొంతు వినిపించింది.

"సాయిబూ, జర ఆగు. మాకో కడవ."

సాయిబు అవ్వ వైపు చూశాడు. నేనూ చూశాను. అవ్వ కడవ తేవడానికి లోపలికి వెళ్లింది. చాలాసేపు బయటికి రాలేదు. సాయిబు తిత్తి మూతి చేత్తో పట్టుకొని, తొందర చేయకుండా, వాకిట్లో నిలబడే ఉన్నాడు.